నవల్లో లేని మొగుడు

కిందటి వారం మిమ్మల్ని లైబ్రరీ మేడమీద గదిలో కూర్చోబెట్టి వదిలేశాను. వారం అంటే తక్కువ కాదు, ఎవరి పనుల్లో వాళ్ళు పడి ఉంటారు, పొయ్యి మీద ఏం పెట్టామో కూడా గుర్తుండని రోజులు. అందుకని రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను.

ఆ గదిలో వారానికోసారి పిల్లలు కూడతారు. పదిహేనూ పదహారేళ్ళ వాళ్ళు. అందరూ ఒకే నవల చదివి దాని గురించి మాట్లాడుకోవాలి. మొదట్లో ఒక్కరూ నోరు విప్పేవాళ్ళు కాదు. ఎలా ఉందంటే బాగుంది. ఏం బాగుందంటే అంతా బాగుంది. లైబ్రరీ మేడం చూసి చూసి, మా మనవరాలికి తోడొచ్చి మూల కుర్చీలో కునుకు తీస్తున్న నన్ను లేపి, పిల్లల మధ్యలో కూర్చోబెట్టింది. "ఈవిడ నవల చదవలేదు. ఈవిడకి చెప్పండి" అంది. నిజమే, నాది రెండో క్లాసు చదువు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కునేలోపు బస్సు మలుపు తిరిగిపోతుంది. అలా నేను ఆ గుంపుకి వినే మనిషినయ్యాను. వాళ్ళు చెప్పడం, నేను "ఎందుకలా చేసింది?" అనడం. ఆ ఒక్క మాట అంటే చాలు, ఒకడు ఇటంటాడు, ఒకతె అటంటుంది, గది ఎగిరిపోయేది. మేడం మాత్రం బయటే కూర్చునేది. చదువుకున్న పెద్దవాళ్ళు పక్కనుంటే పిల్లలు పరీక్ష రాసినట్టు మాట్లాడతారని ఆవిడ నమ్మకం.

నవలేమో రేవులో పడవల టిక్కెట్లు ఇచ్చే ఒకావిడ కథ. వరదలూ పడవలూ చెప్పడం పొడుగబ్బాయి వంతు. ఆవిడ ఇంట్లో సంగతులు చెప్పడం మా మనవరాలి వంతు. మా మనవరాల్ని ఇంటా బయటా పిడుగు అంటారు, పేరుకి తగ్గట్టే ఉండేది.

అంతలో లైబ్రరీ మేడం మెట్ల మీద కాలు జారి మంచం పట్టింది. ఆవిడ బదులు వచ్చిన కొత్త మేడానికి మా పద్ధతి తెలీదు. లోపలికొచ్చి తలుపు వేసి, కుర్చీ లాక్కుని, "ఇవాళ మొదటి పేజీ నుంచి నేనే కాసేపు చదివి వినిపిస్తాను" అంటూ పుస్తకం తెరిచింది. పిల్లలంతా ఒక్కసారే తలలు దించుకున్నారు. అక్కడే ఆపాను.

*

చక్కగా చదివిందమ్మా ఆ కొత్త మేడం, తప్పేం లేదు. "ఆయన్ని నది తీసుకుపోయిన ఏడాదే ఆమె రేవు గదిలో ఉద్యోగానికి కుదిరింది. అవతలి ఒడ్డు నుంచి వచ్చే ప్రతి పడవలోనూ, రాడని తెలిసినా, ఆమె మొదట ఆయన కోసమే చూసేది" అని మొదలుపెట్టింది.

"కాస్త ఆగమ్మా" అన్నాను. "ఎవరిని తీసుకుపోయింది?"

"ఆవిడ భర్తనండీ."

"ఏ భర్తని? ఆవిడకి ఇద్దరా?"

"లేదండీ, ఒక్కరే. మొదటి వాక్యంలోనే చనిపోతాడు."

"చనిపోయినాయన మొన్న చొక్కా గుండీ ఊడిందని అలిగి, కంచం ముందు నుంచి ఎలా లేచెళ్ళాడు?"

ఎవరో కిసుక్కున నవ్వి వెంటనే నోరు మూసుకున్నారు. కొత్త మేడం గబగబా పేజీలు తిప్పింది. పాపం ఆ పిల్ల తనే ఏదో వదిలేశాననుకుంది. "ఆ సన్నివేశం ఏ అధ్యాయంలో ఉందండీ?" అని నన్నే అడిగింది. నన్నడిగితే నేనేం చెప్తాను? నాకు చెప్పింది పిడుగు. పిడుగు వైపు చూశాను. అది తన వేలి గోరుని చూసుకుంటోంది, అందులో ఏదో రాసున్నట్టు.

మీకు ఆ మొగుడి సంగతి తెలుసు, ఇన్ని వారాలుగా నేను మీకూ చెప్తూనే వచ్చాను. పెళ్ళాం చేసింది ఏదైనా నచ్చకపోతే కొట్టడు, తిట్టడు. మాటలు మానేస్తాడు. ఒక పూట కాదు, వారాల తరబడి. ఏం కావాలన్నా కూతురి చేత చెప్పిస్తాడు. మీ అమ్మని చొక్కా ఎక్కడ పెట్టిందో అడుగు. మీ అమ్మకి చెప్పు, రాత్రికి ఆలస్యమవుతుందని. ఆవిడ పక్కనే నిలబడి వింటూంటుంది. ఆవిడ జవాబు కూడా ఆ పిల్లే మోసుకెళ్ళాలి, రెండడుగుల దూరం. అత్తగారు గదిలోకి వస్తే మాత్రం మామూలుగా నవ్వుతాడు. ఆ భాగం పిడుగు చెప్తూంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ అన్నాను, "అలాంటి వాడితో కాపరం చేసేకంటే గోడతో చేయడం నయం. గోడ కనీసం మనిషిలా నటించదు. ఆవిడ వెళ్ళిపోవాలి. పిల్లని తీసుకుని వెళ్ళిపోవాలి" అని. పిల్లలు చప్పట్లు కొట్టారు. పొడుగబ్బాయి మాత్రం ఆ మొగుడి తరఫున నాతో వాదన పెట్టుకున్నాడు, ఆయన మనసులో ఏముందో మనకి తెలీదు కదా నానమ్మా అని. లేని వాడి మనసులో ఏముందో నాకు ఎలా తెలుస్తుంది?

"నువ్వు కూడానా?" అన్నాను పొడుగబ్బాయితో.

తాటిచెట్టంత మనిషి చిన్నపిల్లాడైపోయాడు. "అందరం సరే అనుకున్నాం నానమ్మా" అన్నాడు చివరికి.

"అందరంటే?"

"అందరం."

చుట్టూ చూశాను. కథ మధ్యలో నాతో పాటు కళ్ళు తుడుచుకున్న వాళ్ళు. నేను తిడుతూంటే ఇంకా తిట్టండి నానమ్మా అన్నవాళ్ళు. ఒక పిల్ల ఉంది, మాటకి ముందు నాకో అనుమానం అనకుండా మాట్లాడదు, అందరూ దాన్ని అనుమానం అనే పిలుస్తారు. అది మెల్లిగా, "నానమ్మా, నాకో అనుమానం. మీకు కోపం వచ్చిందా?" అంది.

"రాలేదమ్మా. ముసలిదాన్ని మధ్యలో కూర్చోబెట్టి అందరూ కలిసి ఆడించారు. ఆడించాక కోపం దేనికి, బాగానే ఆడాను."

"ఆటకి కాదు నానమ్మా" అని పొడుగబ్బాయి అందుకున్నాడు. "పిడుగే అడిగింది. మా ఇంట్లో సంగతి మా నానమ్మకి ఇంకెలాగూ చెప్పలేను, ఇక్కడైతే నవల అనుకుని వింటుంది అంది. మేం..."

"నువ్వు నోరు మూస్తావా" అంది పిడుగు. మొదటిసారి తలెత్తింది.

మూసేశాడు. కానీ ఆ మాట అప్పటికే గదిలోకి వచ్చేసింది. మా ఇంట్లో సంగతి.

నా కళ్ళముందే ఉంది కదండీ ఇదంతా. మా అబ్బాయి లిఫ్టులు బాగుచేస్తాడు. పొద్దున్న బూట్లు తొడుక్కుంటూ, "పిడుగూ, మీ అమ్మనడుగు నా టార్చి తీసిందేమో" అంటాడు. కోడలు అక్కడే కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడి ఉంటుంది. "పిడుగూ, బల్ల సొరుగులో ఉందని చెప్పు" అంటుంది. ఇది మధ్యలో అటూ ఇటూ చూస్తూ చెప్తుంది. నేనేమనుకున్నానో తెలుసా? ముగ్గురూ ఏదో సరదా పడుతున్నారనుకున్నాను. పక్కింటావిడతో కూడా చెప్పాను, మా వాళ్ళు పిల్లని టెలిఫోను చేశారు అని నవ్వుతూ చెప్పాను. ఇంట్లో చూస్తే నవ్వొచ్చింది, నవల్లో వింటే ఒళ్ళు మండింది. ఒకటే సంగతి.

కొత్త మేడం పుస్తకం మూసి, "నేనేమైనా పొరపాటు చేశానా?" అంది.

"లేదమ్మా. ఈ గదిలో ఉన్నది ఉన్నట్టు చదివింది నువ్వొక్కదానివే. వీళ్ళని కాసేపు కిందికి తీసుకెళ్తావా?"

పిల్లలు చప్పుడు కాకుండా లేచారు. అనుమానం వెళ్తూ వెళ్తూ నా చేయి పట్టుకుని, "చివరి అధ్యాయం నిజంగా బాగుంటుంది నానమ్మా, అది మేం మార్చలేదు" అంది. నేను చేయి వదిలించుకున్నాను. పాపం, అది మంచికే చెప్పింది. ఆ క్షణంలో మంచి మాట కూడా గుచ్చుకుంది.

గదిలో నేనూ, పిడుగూ, గుండ్రంగా వేసిన ఖాళీ కుర్చీలూ మిగిలాం.

"మీ నాన్న మాట్లాడకపోవడం ఎప్పట్నుంచి?"

"అమ్మ షాపులో పనికి చేరినప్పట్నుంచి. మధ్యమధ్యలో మాట్లాడతాడు. మళ్ళీ ఆపేస్తాడు. ఎందుకు ఆపాడో చెప్పడు. అమ్మా నేనూ ఆలోచించుకోవాలి, నిన్న ఏం చేశాం, మొన్న ఏం చేశాం అని."

"నాతో చెప్పొచ్చు కదే. పక్కనే పడుకుంటావు. నా దుప్పటే లాక్కుంటావు."

"చెప్పాను."

"ఎప్పుడు?"

"ఒకసారి చెప్పాను నానమ్మా. నాన్న అమ్మతో మాట్లాడట్లేదు అన్నాను. నువ్వు, మీ నాన్న చిన్నప్పట్నుంచీ అంతేనే, వాళ్ళ నాన్న పోలిక, ముత్యాలు రాలతాయని నోరు విప్పడు అన్నావు. అని నవ్వావు. ఇంకేం చెప్పను?"

నాకు గుర్తు రాలేదు. అన్నానేమో. అనే ఉంటాను, అది నేను అనే మాటే.

"అందుకని నవల్లో పెట్టావు."

"మొదట ఊరికే అనేశాను. నిన్ను మధ్యలో కూర్చోబెట్టిన రోజే ఇంటి సంగతులు చెప్పమని అందరూ నావైపు చూశారు. నేను ఆ వారం చదవలేదు. నోటికేదొస్తే అది చెప్పాను, మా ఇల్లే వచ్చింది. నువ్వు ఎంత కోప్పడ్డావో. ఆవిడ వైపు మాట్లాడావు. నాకు... హాయిగా అనిపించింది. తర్వాతి వారం కూడా చెప్పాను."

దాన్ని దగ్గరికి తీసుకోవాలని చేయి లేచింది. కానీ అది ఇంకా ఏదో దాస్తోంది. పెంచిన దాన్ని, నాకు తెలీదా? దాచేటప్పుడు దాని ఎడమ పాదం కుడి పాదం మీదికెక్కుతుంది. ఎక్కే ఉంది.

"మీ అమ్మకి తెలుసా, నువ్విక్కడ చెప్పేది?"

కుడి పాదాన్ని ఇంకాస్త గట్టిగా తొక్కింది.

"తెలుసా?"

"ఇంటికెళ్ళాక అమ్మకి చెప్పాను, నానమ్మ ఇలా అంది అని. ఊరికే, నవ్వుతుందని. నవ్వలేదు. ఇంకోసారి చెప్పమంది. నువ్వన్న మాటలు అన్నట్టే చెప్పమంది." ఎడమ పాదం కిందికి దించింది. "తర్వాత్నుంచి అమ్మే అడగమనేది."

"ఏం అడగమనేది?"

"ఆవిడ వెళ్ళిపోతే అత్తగారు మొహం తిప్పుకుంటుందా అని అడిగాను చూడు. అది అమ్మ అడగమన్నదే. పిల్లని కూడా తీసుకెళ్తే అత్తగారు అడ్డం పడుతుందా అని అడిగాను. అదీ అమ్మే."

నేనేం చెప్పానో చెప్పమంటారా? ఆ వారం మీరు కూడా విన్నారు. అత్తగారిదేముందే, నాలుగు రోజులు ఏడుస్తుంది, తర్వాత మనవరాల్ని చూడ్డానికి చీర కట్టుకుని తనే బయల్దేరుతుంది, అన్నాను. గొప్పగా అన్నాను. కాళ్ళు చాపుకుని, ఇల్లొదిలి పోయేది ఎవరి కోడలో అన్నట్టు అన్నాను.

*

షాపు పని అయ్యాక మా కోసం కోడలు మెట్లెక్కి వచ్చేసరికి మేం ఇంకా అక్కడే ఉన్నాం. తను కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములకి అద్దాలు బిగిస్తుంది. ఆ పని చేసీ చేసీ దేన్ని చూసినా ఒక కన్ను కాస్త చిన్నది చేసి చూస్తుంది. గుమ్మంలో ఆగి కూతుర్నీ నన్నూ అలాగే చూసింది. సంగతి బయటపడిందని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"నువ్వు కిందికెళ్ళు" అంది పిడుగుతో.

"ఉండనీ" అన్నాను. "ఇన్నాళ్ళూ మనిద్దరి మధ్యా మాటలు మోసింది. ఇప్పుడు వట్టి చేతులతో వింటుంది."

కోడలు నా ఎదురు కుర్చీలో కూర్చుంది. పొడుగబ్బాయి కుర్చీ అది.

"ఏమ్మాయ్, నన్ను తూకం వేశావా?"

"అత్తయ్యా..."

"నా వంటింట్లో నా పక్కన నిలబడి కూరగాయలు తరుగుతావు. జ్వరమొస్తే నా కాళ్ళు పడతావు. నా కళ్ళలోకి చూసి అడగడానికి నోరు రాలేదు. పదిమంది పిల్లల్ని సాక్ష్యం పెట్టి, లేని నవల చెప్పించి, నా నోటితో నా కొడుకుని గోడ కంటే హీనం అనిపించావు. ఇంటి గుట్టు ఆ పొడుగబ్బాయికి తెలుసు, ఆ అనుమానానికి తెలుసు. తెలీంది నాకే."

"మిమ్మల్ని అడిగితే మీరు ఆయన అమ్మ అయిపోతారు అత్తయ్యా" అంది. గొంతు పెంచలేదు, ఎప్పుడూ పెంచదు. "నవల గురించి అడిగితే మనిషిలా చెప్తారు. నాకు ఆ మనిషి మాట కావాలి. మా అమ్మ లేదు. అడగడానికి ఇంకెవరున్నారు?"

నా దగ్గర చాలా మాటలున్నాయి ఆ పూట, ఒక్కటీ పనికి రాలేదు. కోపం మాత్రం పోలేదు, అబద్ధం ఎందుకు. కోడలన్నది నిజం కావడం వేరు, నాకు నొప్పెయ్యడం వేరు. నేను కడుపున మోసిన వాడు పెళ్ళాన్ని మాట లేకుండా మాడుస్తూ, నా ముందు నవ్వాడు. నేను కూతురనుకున్నది నా దగ్గర మాట కాజేసింది. నేను పెంచిన పిల్ల మధ్యలో నిలబడింది. ముగ్గురిలో ఎవరి మీద ముందు ఏడవాలో తెలీక ఎవరి మీదా ఏడవలేదు.

"ఇప్పుడేం చేస్తావు?"

"షాపు పైన గది ఖాళీగా ఉంది. మా యజమానురాలు ఇస్తానంది. నెలాఖరుకి వెళ్తాం, నేనూ ఇదీ."

"వాడికి చెప్పావా?"

"లేదు. చెప్తే మాట్లాడరు. మాట్లాడకపోతే నేను మళ్ళీ ఉండిపోతాను. ఎప్పుడూ అంతే జరుగుతుంది." కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది, ఊరికే, అద్దాల మీద ఏమీ లేదు. "వెళ్ళాక చెప్తాను. అప్పటిదాకా మీకు కూడా తెలీకుండా ఉంటే బాగుండుననుకున్నాను. మీకు దాచే శ్రమ ఉండదని."

"నాకు శ్రమ తగ్గించావా?"

"వెటకారం చేయకండి అత్తయ్యా. మీరు ఆయనకి చెప్పేస్తారా, చెప్పండి. చెప్పేస్తారంటే నేను వేరేగా ఏర్పాటు చేసుకోవాలి."

చెప్తానని అనలేదు. చెప్పనని కూడా అనలేదు. పిడుగు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది, అలవాటు కొద్దీ, ఎవరి మాట ఎవరికి చేర్చాలా అని. ఎన్నాళ్ళుగా చేస్తోందో ఆ పని. మెడ ఎంత నొప్పి పుట్టిందో.

కింద హారను మోగింది. బయట వాన పట్టుకుంది, మేం చూసుకోలేదు. మా అబ్బాయి కంపెనీ వ్యాను వేసుకుని మా కోసం వచ్చాడు.

మెట్లు దిగుతూంటే పిల్లలు పక్కకి జరిగారు. ఎవరూ నానమ్మా అని పిలవలేదు.

వ్యానులో ముందు సీటు మీద వాడి పనిముట్ల సంచి ఉంది. తీసి కాళ్ళ దగ్గర పెట్టి, "జాగ్రత్తమ్మా, మెట్టు తడిగా ఉంది" అని నాకు చేయి అందించాడు. అదే చేయి, అదే నవ్వు. పిడుగు నెత్తి మీద తువ్వాలు పడేశాడు. కోడలు వెనక తలుపు తనే తీసుకుని ఎక్కి కూర్చుంది. వాడు అద్దంలో అటు చూడనైనా లేదు. ఇంతకు ముందు నేను అది చూసి ఉంటే, వాన కదా, రోడ్డు మీద ధ్యాస అనుకునేదాన్ని.

వీధి చివరికి వచ్చాక, నన్ను నవ్వించడానికే, "ఏమ్మా, మీ నవల ఎక్కడిదాకా వచ్చింది?" అన్నాడు.

వెనక ఇద్దరికీ ఊపిరి ఆగింది. నాకు వినిపించింది.

వీడు నాకు ఒక్కడే కొడుకు. ఇప్పుడు నోరు మూసుకుంటే, నెలాఖరున వాడు తలుపు తీసి ఖాళీ ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు, అంతా తెలిసీ పక్కన నిలబడిన దాన్నవుతాను. నోరు విప్పితే, ఆ గదిలో నన్ను మనిషనుకుని అడిగిన ఆడదానికి మళ్ళీ వీడి అమ్మనే అవుతాను.

"నీ దగ్గరికి వచ్చిందిరా" అన్నాను. "బండి పక్కకి ఆపు."

వాడు నవ్వబోయి నా మొహం చూశాడు. మెల్లగా పక్కకి తీసి ఆపాడు. ఇంజను ఆగింది, అద్దం తుడిచే పుల్లలు సగంలో నిలిచిపోయాయి.

వెనక సీట్లోంచి కోడలి చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది, గట్టిగా. అది వద్దనడమో, కానిమ్మనడమో నాకు తెలీలేదు.